దీపాల వేళ నుసుములు

నా ఉద్యోగంలో నాకు బాగా వచ్చిన పని ఊరికే కూర్చోవడం. ఈ మాట చెబితే కొత్తగా చేరిన పశువైద్యులు నవ్వుతారు. మొన్న మా ఇంటికి అలాంటివాళ్లు ఇద్దరు వచ్చారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. "మేడం, మీరు ఎక్కువగా భయపడిన జంతువేది?" అని అమ్మాయి అడిగింది. కుమ్మే గిత్త గురించో, పిచ్చికుక్క గురించో చెబుతాననుకున్నట్టుంది. నుసుము అన్నాను. మర్యాదకి కాస్త ఆగి, తరువాత ఇద్దరూ నవ్వారు.

వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఎవరి మీద ఎవరు పైకి ఫిర్యాదు పెట్టారు అన్నవి రాయను. ఏ ఆఫీసు చూసినా ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. అది చేరిన నెలలోనే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బొబ్బిలిలో ఉంటున్నాను. మా వీధి చివర వీణలు చేసే ఇల్లు ఉంది. మధ్యాహ్నం పూట పనస దుంగ తొలిచే చప్పుడు నా నిద్రలోకి వస్తుంది. నిద్రలో అది గొర్రెల గిట్టల చప్పుడవుతుంది. ఒక మంద ఎక్కడికో పోతూ ఉంటుంది, నేను వెనకాల స్కూటర్ తోసుకుంటూ నడుస్తూ ఉంటాను, ఎంతకీ అందుకోలేను. మెలకువ వచ్చాక కూడా ఆ మంద రేపిన దుమ్ము కాసేపు కళ్ల ముందే ఆడుతుంది. మంచం దిగాలనిపించదు.

దుమ్ము కానిది

నా మొదటి పోస్టింగు ఆమదాలవలస దగ్గర. అప్పటి మా పై అధికారి రైలు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని, ఊళ్లోకి నడిచి వచ్చే మనిషి. లావుగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఆయనంటే మిగతావాళ్లకి విసుగు, ఎందుకంటే ఆయన వస్తే పని తెమలదు. ఒక సాయంత్రం నన్ను ఒక రైతు పశువుల శాలకి తీసుకెళ్లి, నులక మంచం వాల్పించుకుని, పంట్లాం మోకాళ్ల దాకా మడిచి కూర్చున్నాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు.

"ఏం చెయ్యాలి సార్?"

"ఏమీ చెయ్యకూడదు. నీ వయసులో అదే కష్టం."

కూర్చున్నాను. నాకు లోపల మంటగా ఉంది. చదువుకుని వచ్చింది గేదెల పక్కన మంచం మీద కూర్చోడానికా అనుకున్నాను. పొద్దు వాలింది. వెలుగు పక్కనుంచి పడుతోంది, గేదెల వీపులు తడి రాళ్లలా మెరుస్తున్నాయి. గాలి ఆగిపోయింది. అప్పుడు చూశాను. ఒక్కో గేదె వీపు మీద జానెడు ఎత్తున సన్నటి దుమ్ము లేచి ఊగుతోంది. గాలి లేకుండా దుమ్ము ఎలా ఊగుతుందా అని చూస్తూ ఉండిపోయాను.

"అది దుమ్ము కాదు" అన్నాడాయన, నా మనసులో మాట విన్నట్టు.

మన పుస్తకాల్లో దాన్ని క్యూలికాయిడిస్ అంటారు. ఊళ్లో నుసుము అంటారు. దోమలో పదో వంతు కూడా ఉండదు. పేడా నీళ్లూ కలిసి కుళ్లే బురదలో పుడుతుంది. రక్తం తాగేది ఆడదే. ఒక ఒంట్లో తాగినప్పుడు ఆ రక్తంలో రోగం ఉంటే, కొన్నాళ్లు దాన్ని తనలో దాచుకుని మరో ఒంట్లో దింపుతుంది. మన వైపు మనుషులకి నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమనిపించి, దురద మిగిల్చి పోతుంది. సముద్రాలకి అవతల కొన్ని దేశాల్లో మనుషులకీ జ్వరాలు మోస్తుందని చదివాను. గొర్రెకి మాత్రం అది తెచ్చేది నీలి నాలుక వ్యాధి. మన కాపరులు మూతివాపు అంటారు. గుర్రాలకి వేరే రోగాలు తెస్తుంది, వాటి జోలికి ఇప్పుడు పోను.

ఆయన కాళ్ల నిండా దద్దుర్లు లేచాయి. గోక్కోలేదు. "డాక్టరు ఊళ్లోకి పొద్దున్న వస్తాడు, మధ్యాహ్నం వెళ్లిపోతాడు. ఇది సాయంత్రం వస్తుంది. ఇద్దరికీ పరిచయమే ఉండదు" అన్నాడు. నాకు ఆయన మీద కోపం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. ఆ వెలుగు మాత్రం గుర్తుంది.

జబ్బు కంటే ముందు పేరు

రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. నాగావళిలో కలిసే ఒక గెడ్డ పక్కన ఊరు. మా వైపు సెలయేటిని గెడ్డ అంటారు. తుఫాను వాన కురిసి వెలిసింది, దీపావళి దగ్గర పడింది. ఆ ఊళ్లో గోగు ఎక్కువ వేస్తారు. కోసిన గోగు మోపుల్ని నార కోసం గెడ్డలో నానబెడతారు. ఆ రోజుల్లో ఊరంతా కుళ్లిన గోగు వాసన. నాకు ఆ వాసన ఇష్టమే, ఎవరికీ చెప్పలేదు.

గరివిడి వైపు మెట్ట ఊరి నుంచి పైడమ్మ అనే ఆవిడ ఏటా తన గొర్రెల్ని తోలుకుని ఆ ఊరికి వస్తుంది. భర్త పోయాక మంద తనే చూసుకుంటోంది. పంట కోసిన చేలో రాత్రుళ్లు గొర్రెల్ని పడుకోబెడితే ఆ చేనుకి ఎరువు. దాన్ని మంద కట్టడం అంటారు. బదులుగా రైతు ధాన్యం ఇస్తాడు, తిండి పెడతాడు. ఆ ఏడు మంద కట్టింది గెడ్డ ఒడ్డున, గోగు కోసిన పల్లపు చేలో.

గొర్రెలకి జ్వరం వచ్చింది. మూతులు వాచాయి, నోట్లో పుళ్లు, చొంగ. కొన్ని కుంటుతున్నాయి. ఊళ్లో ఎవరో ఫోన్లో ఫొటోలు తీసి, ఆ రోజుల్లో నా పై అధికారిగా ఉన్నాయనకి పంపారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. నోట్లో పుళ్లు, కాలికి కుంటు అనగానే గాలికుంటు అనేశాడు. గాలికుంటు అంటే తాకితే అంటుకుంటుంది, ఒక పశువు నుంచి ఊరంతా పాకుతుంది. నేను స్కూటర్ మీద ఊరు చేరేలోపు ఆ పేరు ఊరు చేరిపోయింది.

మీకు ఒక మాట చెప్పాలి. చూడకుండా పేరు పెట్టకండి. "ఇంకా తెలీదు, వచ్చి చూస్తాను" అనడానికి నామోషీ పడకండి. పేరు ఒకసారి బయటికి వెళ్లాక దాన్ని వెనక్కి పిలవడం మన వల్ల కాదు, పై అధికారి వల్ల అంతకంటే కాదు.

నేను వెళ్లేసరికి పైడమ్మ చేలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక బూడిదరంగు గొర్రె నోట్లో వేలితో సోడంబలి రాస్తోంది. చోళ్లతో, అంటే రాగులతో కాచిన అంబలి అది. ఆ గొర్రె మెడ వంకర తిరిగిపోయి మూతి ఆకాశం వైపు ఉంది. 

"సుక్కలు సూత్తన్నట్టు సూత్తాది తల్లీ" అంది పైడమ్మ. "మా ఆయన సేతిలో పుట్టిన గొర్రె ఇది. దీని ఎనకాలే మందంతా నడుస్తాది. ఇది పడిపోతే నా మంద ఇంటికి దారి మరిసిపోద్ది."

"ఊళ్లో ఏమన్నారు?"

"రేపు పొద్దున్నకి లేసిపొమ్మన్నారు. గెడ్డలోకి దిగి, నీళ్లంట నడిసిపొమ్మన్నారు, ఊరి దారి తొక్కొద్దని. నడవనేని జీవాల్ని నానేటి సెయ్యను? ఒక్కోటీ ఎత్తుకు పోనా?" ఏడవలేదు. వేలు మళ్లీ అంబలిలో ముంచింది.

గొర్రెల నోళ్లు తెరిచి చూశాను. ఒకదాని నాలుక నిజంగానే నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉంది. గిట్ట పైన చర్మం దగ్గర ఎర్రటి గీత. మెడ వంకర. చుట్టూ చూశాను. పక్క చేలో ఊరి గేదెలు నిమ్మళంగా నెమరు వేస్తున్నాయి. ఒక్కదానికీ చొంగ లేదు. ఇన్నాళ్లు పక్కపక్కనే మేశాయి. గాలికుంటు అయ్యుంటే ఈపాటికి వాటి నోళ్లూ పుండ్లయ్యేవి. ఇది మూతివాపే. నా కాళ్ల కింద బురద కుళ్లిన గోగుతో, పేడతో మెత్తగా దిగబడుతోంది.

ఆమె గొర్రెలకి టీకా పడలేదు. వానలకి ముందు టీకా వేస్తే ఇది చాలావరకు ఆగుతుంది. కానీ తిరిగే మందని ఈ ఊరివాళ్లు ఆ ఊరి లెక్క అనుకుంటారు, ఆ ఊరివాళ్లు ఈ ఊరి లెక్క అనుకుంటారు. మన శాఖలో ఇది పాత జాడ్యం. మీరైనా మాన్పండి.

నాయుడుగారి జీడితోట

ఊరి పెద్ద ముత్యాలునాయుడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన తల్లి సూరమ్మ గోగు పుల్లలు కట్టలు కడుతోంది. నార ఒలిచాక మిగిలే తెల్లటి పుల్లలవి, దీపావళికి వాటితోనే దివిటీలు చేస్తారు. 

గాలికుంటు కాదని చెప్పాను. మనిషి తాకినా, దారి తొక్కినా అంటదని చెప్పాను. గెడ్డలోకి దింపితే నుసుముల పుట్టలోకే తోలినట్టని, ఊరి ఎగువన ఆయన జీడితోట ఉందని, అక్కడ నేల పొడి, గాలి తగులుతుంది, గాలి ఉన్నచోట నుసుము నిలవదని చెప్పాను. దున్నపోతు మీద వాన కురిసినట్టు విన్నాడు.

"మీ పెద్దాయనే గాలికుంటు అన్నాడు కదండీ. మీరు కాదంతన్నారు. ఇద్దర్లో ఎవుల్ని నమ్మమంటారు? ఆ మందని నా తోటలో ఎట్టి, రేపు నా గేదెలకి ఏటైనా అయితే?"

"మీ గేదెలు పక్కనే మేస్తున్నాయి కదా. ఏమైనా అయిందా?"

"అవనేదు. అమ్మవారి దయ."

అప్పుడు చెప్పక తప్పలేదు. "నాయుడుగారూ, ఈ రోగం గేదెల ఒంట్లోనూ ఉంటుంది. ఉన్నా వాటికి సాధారణంగా ఏమీ కాదు, పైకి తెలీదు. నుసుము గేదెని కుట్టి ఆ రోగం గొర్రెకి మోస్తుంది. పైడమ్మ మెట్ట నుంచి వచ్చినప్పుడు గొర్రెలు బాగానే ఉన్నాయి. ఇక్కడికి వచ్చాకే పడ్డాయి."

ఆయన మొహం ఎర్రబడింది. "అంటే నా గేదెలే దాని గొర్రెలకి రోగమెట్టాయంతన్నారా?"

"నాకు తెలీదు. కావచ్చు. ఈ సాయంత్రం నాతో గెడ్డ దగ్గర కూర్చోండి. చూసి చెప్పండి."

"కూసోడమేటండీ?"

"ఊరికే కూర్చోవడమే."

సూరమ్మ పుల్లల కట్ట పక్కన పెట్టింది. "నానొస్తాను పద" అంది. తల్లి లేచాక కొడుకు కూర్చుని ఉండలేడు కదా, ఆయనా లేచాడు.

అందమైన వేళ

గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. నాయుడుగారి తెల్ల తువ్వాలు అడిగి తీసుకుని, ఆముదం రాసి, ఆయన మోకాళ్ల మీద పరిచాను. ఇది మా లావుపాటి సారు నేర్పిన పద్ధతి. పొద్దు కొండల అవతలికి జారింది. గెడ్డ నీళ్లలో గోగు మోపులు పడుకున్న పశువుల్లా కనిపిస్తున్నాయి. గాలి ఆగింది. కొంగలు వెళ్లిపోయాయి. నాకు ఎంత వయసు వచ్చిందో, ఇది ఏ ఊరో కూడా కాసేపు మర్చిపోయాను.

నెమ్మదిగా గేదెల మీద ఆ దుమ్ము లేచింది. ఊగింది. గొర్రెల వైపు జరిగింది. మళ్లీ గేదెల వైపు వచ్చింది. కింద పైడమ్మ ఒక్కర్తే చీర చెంగుతో ఒక్కో గొర్రె మొహం మీదా విసురుతూ అటూ ఇటూ తిరుగుతోంది. ఒకదాని దగ్గర విసిరితే పక్కదాని మీద వాలుతున్నాయి.

సూరమ్మ చురుక్కున చెయ్యి దులుపుకుంది. "ఓలమ్మ! రవ్వ పడ్డాది." మళ్లీ దులుపుకుంది. నాయుడుగారు తువ్వాలు వైపు చూశాడు. ఆముదానికి అంటుకుని తెల్లటి గుడ్డ మీద మిరియం పొడి చల్లినట్టు నుసుములు. వేలితో ఒకదాన్ని నలిపాడు. ఎర్రటి చుక్క అంటింది. ఎవరి రక్తమో అడగలేదు. వేలు చూసుకుని, తన గేదెల వైపు చూశాడు.

"పొగ పెడితే ఇవి కొంత దూరంగా ఉంటాయి. ఈ వేళప్పుడు ఊళ్లో ఎవరూ పొగ పెట్టరేం?" అన్నాను. నాకు అప్పటికే తోచింది. ఊరు ఊరంతా పొగ వేసేది భోజనాలయ్యాక, దోమల కోసం. అప్పటికి నుసుముల తిండి సగం పైన అయిపోయి ఉంటుంది.

"దీపాల యేళ పెంట పొగేటమ్మా?" అంది సూరమ్మ, నేనేదో కూడని మాట అన్నట్టు. "దీపమెట్టీ యేళకి లచ్చిందేవి వస్తాది. గుమ్మంలో ఎండు పేడ కంపు పొగుంటే ఎనక్కి తిరిగెల్లిపోద్ది. మా అత్త నన్ను సేసుకొచ్చిన్నాడే సెప్పింది. దీపమెట్టి, కూడు తిని, అప్పుడు పొగ. ఆ పైడమ్మ మొన్న ఈ యేళకే పొగెట్టబోతే నానే కసిరాను."

ఆ మాట అన్నాక ఆమె కింద పైడమ్మ వైపు చూసింది. ఊరి వైపు చూసింది. ఒక్కో గుమ్మంలో ఒక్కో దీపం వెలుగుతోంది. పొగ మచ్చుకైనా లేదు. అద్దంలా ఉంది ఆకాశం. నా జీవితంలో అంత అందమైన వేళని నేను చూడలేదు. అంత దుర్మార్గమైన వేళని కూడా చూడలేదు. ఆ రెండూ ఒకటే కావడం నాకు చాలా బాధగా అనిపించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

కింద బూడిద గొర్రె ముందుకాళ్ల మీద కూలబడింది. పైడమ్మ దాని మీద బోర్లా పడి, చెంగు కప్పి, తన వీపు నుసుములకి ఇచ్చేసింది.

సూరమ్మ లేచింది. ఆ వయసులో అంత చురుగ్గా లేస్తుందనుకోలేదు. ఇంటికి నడిచింది, మేము వెనకాల. గుమ్మంలో ఆమె కోడలు దీపం చేత్తో పట్టుకుని, వెలిగించబోతోంది.

"ఒసే, ఆగు" అంది సూరమ్మ. "దీపం ఓపాలి ఆగినా లచ్చిందేవి అలిగెల్లిపోదు. దానికీ కళ్లున్నాయి, సూస్తాది." చూరులోంచి గోగు పుల్లల కట్టలు లాగింది. పండక్కి పిల్లల కోసం దాచినవి. పొయ్యిలో ముట్టించి కొడుకు చేతికి ఒకటి ఇచ్చింది. "ఒరే, నువ్వు ట్రాక్టరు తే. నడవనేని జీవాల్ని తొట్టిలో ఎక్కించి తోటకి సేర్చు. ఇంటన్నావా?"

"అమ్మా, ఊళ్లో ఏటంటారో..."

"ఊళ్లో ఏటంటారో నాకొగ్గెయ్యి. ఒగలి కడుపు మీద కొట్టి మనం దీపాలెట్టుకుంతన్నాం. ఎల్లు."

ఆమె తనే ఒక దివిటీ పట్టుకుని ముందు నడిచింది. పల్లం నుంచి ఎగువకి దారి పొడుగునా గోగు పుల్లలు వెలిగాయి. వాటి వెనకాల వేపాకు, వావిలాకు వేసిన ఎండు పేడ పొగ. ట్రాక్టరు తొట్టిలో గొర్రెలు, పైడమ్మ ఒళ్లో బూడిద గొర్రె, దాని మూతి పైకి. పొద్దున్నకల్లా లేచిపొమ్మన్నవాళ్లే తొట్టి వెనకాల చెయ్యేసి తోస్తున్నారు. అప్పటికింకా పడమట వెలుగు చావలేదు. ఆ ఊరేగింపు వెనకాల నేను స్కూటర్ తోసుకుంటూ నడిచాను. మధ్యాహ్నం నిద్రలో నాకు వచ్చేది అదే అయి ఉంటుంది.

మందు గురించి నాలుగు మాటలు

ఈ రోగాన్ని నయం చేసే మందు లేదు. ఉన్నట్టు నటించకండి. నీడ, పొడి నేల, నోరు కడగడం, మెత్తటి తిండి, పుళ్లు చీము పట్టకుండా సూదులు. మిగతాది గొర్రె చేసుకోవాలి. జీడితోటలో నేను రోజూ చేసింది ఇంతే. సూరమ్మ ఇంటి నుంచి సోడంబలి వచ్చేది. రోజూ పొద్దు వాలుతుండగా పొగ లేచేది.

అన్నీ బతకలేదు. కొన్ని పోయాయి. పోయిన ఒక్కోదాన్నీ పైడమ్మ పేరు పెట్టి పిలిచి పూడ్చింది. బూడిద గొర్రె కొన్నాళ్లకి లేచింది. మెడ నెమ్మదిగా దారికొచ్చింది గాని పూర్తిగా రాలేదు. ఒక చెవి మీదికి కాస్త వాలి, ఎవరో చెప్పే మాట వింటున్నట్టు నడిచేది. దాని వెనకాలే మంద ఇంటికి వెళ్లింది. ఆ తరువాత నుంచి పైడమ్మ ఏటా మంద కట్టేది జీడితోటలోనే.

గాలికుంటు అన్న అధికారి నేను రాసిన రిపోర్టు చదివి ఫోన్ చేశాడు. "మంచి పని చేశారు, కాని ముందే నాకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు. చింత చచ్చినా పులుపు చావదు. సరే సార్ అన్నాను.

ఈ మధ్య

మొన్న వచ్చిన ఆ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. వాళ్లకి కూర్చోవడం నేర్పాలని. సూరమ్మ పోయిందని అక్కడికి వెళ్లాకే తెలిసింది. గట్టు మీద కూర్చుంటే ఆమె చెయ్యి దులుపుకున్న చప్పుడు వినపడ్డట్టే అనిపించింది. అబ్బాయి మాటిమాటికీ ఫోన్ చూసుకున్నాడు. అమ్మాయి మాత్రం చాలాసేపటికి, "మేడం, ఆ దుమ్ము..." అని ఆగిపోయింది. 

పొద్దు వాలాక నాయుడుగారి ఇంటికి వెళ్లాం. ఆయన కాళ్లు ఇప్పుడు బాగా లేవు. అరుగు మీద నుంచే పలకరించాడు. గుమ్మంలో సూరమ్మ కోడలు ఒత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. వెలిగించడం లేదు. మిగతా గుమ్మాల్లోనూ ఆడవాళ్లు అలాగే నిలబడి ఉన్నారు. ఊరంతా ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టుంది.

"ఏమ్మా, దీపం పెట్టవా?" అన్నాను.

ఆమె ఎగువన జీడితోట వైపు చూస్తూ అంది: "పైడమ్మత్త పొగ ఇంకా లేవనేదు డాట్రమ్మా."